కనపడని కొక్కెం

“మీ నాన్నగారి కారుకు తూట్లు పొడుస్తావుట్రా?” అని 82 ఏండ్ల తల్లి అడిగినప్పుడు 60 ఏండ్ల కుమారుడు మారు పలుకలేదు. చేతిలోని పటాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ పటంలో ఒక అంబాసిడర్ కారు వెనుక భాగం, దాని కింద ఒక ఇనుప దూలం, దూలం మధ్యనుంచి బయటికి వచ్చిన ఒక మెడ, మెడమీద నిమ్మకాయంత ఉక్కు గుండు పెన్సిలుతో గీసి ఉన్నాయి.

కోల్‌కతా నగరంలో నాలుగు దశాబ్దాలు ఇంగ్లీషు పాఠాలు చెప్పి విరమించిన ఆయనను ఇరుగుపొరుగు తెలుగువారందరూ మాస్టారనే పిలుస్తారు. ఆయన తండ్రి శ్రీకాకుళం జిల్లానుంచి వచ్చి గార్డెన్ రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయంలో ఉద్యోగం చేశారు. ఒకనాటి బెంగాల్ నాగపూర్ రైల్వే వాల్తేరు దాకా విస్తరించినందువల్ల, ఆ పట్టాల వెంట ఎన్నో తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌కూ కలకత్తాకూ చేరుకున్నాయి. అటువంటి కుటుంబాలలో ఇది ఒకటి. 1968లో, పేరు నమోదు చేయించుకొని ఏండ్లకేండ్లు ఎదురుచూసిన తరువాత, తండ్రికి ఆ కారు చేతికి వచ్చింది. నగరానికి కూతవేటు దూరంలో, హుగ్లీ ఒడ్డున ఉన్న ఉత్తరపాడా కర్మాగారంలో తయారైన కారు అది. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాపై 1957లో ఆరంభమైన అంబాసిడర్ నిర్మాణం 2014 మే నెలలో అక్కడ నిలిచిపోయింది. కర్మాగారం మూతపడినా హింద్ మోటార్ అనే పేరుతో రైల్వే స్టేషను మాత్రం మిగిలింది.

తండ్రి పోతూపోతూ రెండు ఆస్తులు మిగిల్చారు. ఒకటి కారు. రెండవది పుస్తకాలు. సూర్యరాయాంధ్ర నిఘంటువు ఎనిమిది సంపుటాలు మొదలుకొని పిల్లల కథల దాకా గోడ నిండా తెలుగు పుస్తకాలు. మనుమలు బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు గడగడ చదువుతారు, తెలుగు మాట్లాడతారు, కాని చదవలేరు. ఈ పుస్తకాలను ఏం చేయాలి? ఖరగ్‌పూర్‌లో తెలుగు చదివే పిల్లలు ఇంకా ఉన్నారు. నెలకొక ఆదివారం పుస్తకాలను అక్కడికి తీసుకొనిపోయి, ఒక చెట్టుకింద నిలబెట్టి, అడిగినవారికి ఇచ్చి, మరునెల తిరిగి పుచ్చుకోవాలని మాస్టారి సంకల్పం. డిక్కీలో పట్టేవి కావు. లారీ పెట్టడానికి పింఛను చాలదు. ఆ సమయంలో ఒక పడవల క్లబ్బువారు తమకు అక్కరలేని చిన్న ట్రైలరును అమ్మజూపారు. రెండు చక్రాలది, రిజిస్ట్రేషన్ సక్రమంగా ఉన్నది, ఖాళీగా 150 కిలోల బరువు. మూత వేసి అరలు అమర్చితే నడిచే గ్రంథాలయమే.

అయితే దానిని తగిలించడానికి కారుకు కొక్కెం లేదు. ఇంగ్లీషులో టో బార్ అంటారు. ఐరోపాలో, అమెరికాలో పడవలనూ విడిది బండ్లనూ కార్లకు కట్టి లాగడం మామూలు. మన దేశంలో ట్రైలరనగానే ట్రాక్టరు వెనుక తొట్టి గుర్తుకు వస్తుంది గాని కారు వెనుక బండి కాదు. కోల్‌కతావాసులకు ఒక పెట్టె వెనుక మరొక పెట్టె నడవడం ట్రాములలో చిరపరిచితమే. చాలా కాలం ముందు పెట్టెలో ఫాన్లతో మొదటి తరగతి, వెనుక పెట్టెలో ఫాన్లు లేని రెండవ తరగతి ఉండేవి. ముందు పెట్టె చెమట పట్టకుండా, వెనుక పెట్టె చెమటోడుస్తూ ఒకే వేళకు ఒకే చోటికి చేరేవి.

తల్లి అభ్యంతరానికి తోడు మరొక చిక్కు వచ్చిపడింది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం 50 ఏండ్లు దాటిన పాత వాహనాలకు ప్రత్యేక నమోదు విధానాన్ని ప్రకటించింది. వాహనం మొదటి రూపంలోనే ఉండాలి. చాసిస్‌లో, దేహంలో, ఇంజనులో గణనీయమైన మార్పు జరిగి ఉండరాదు. అలా నమోదైన కారును ప్రదర్శనలకూ పాతకార్ల ఊరేగింపులకూ తిప్పవచ్చును గాని నిత్యవ్యవహారానికి వాడరాదు. కోల్‌కతాలో పాతకార్ల ఊరేగింపు 1968 నుంచి జరుగుతున్నది. ఈ కారు పుట్టిన సంవత్సరమూ అదే. స్నేహితులు మాస్టారిని ఊదరగొట్టారు: “ఇంత చక్కగా ఉన్న బండి! గౌరవంగా ప్రత్యేక నంబరు పుచ్చుకోండి. ఏడాదికొకసారి తుడిచి ఊరేగించండి. దానికి తోక తగిలించి గాడిదచాకిరీ చేయిస్తారా?”

సలహా తెలివితక్కువది కాదు. ఒక వస్తువును ఉన్నదున్నట్లు నిలుపుకోవాలనే కోరిక గౌరవించదగినదే. కాని కారు అద్దాల పెట్టెలో, పుస్తకాలు గోడ అలమారలో, రెండూ భద్రంగా, రెండూ నిరుపయోగంగా ఉండిపోతాయి. మాస్టారు రెండు నెలలు తేల్చుకోలేకపోయారు.

చివరికి తేల్చినది ఆ తల్లే. ఒక సాయంకాలం ఆమె కర్ర ఊతగా కారు దగ్గరికి వచ్చి, ముందు రెక్కమీద నిలిచి ఉన్న రేడియో కడ్డీని వేలితో తట్టారు. “ఇది కర్మాగారంలో పెట్టినదనుకున్నావా? ఈడెన్ గార్డెన్స్‌లో టెస్టు జరుగుతుంటే వ్యాఖ్యానం వినాలని మీ నాన్నగారే తొలిపించారు. వద్దన్నాను. వారంరోజులు మాట్లాడలేదు కూడాను.” కొంతసేపు ఊరకుండి, “సరే, పెట్టించుకో. కాని అది కంటికి కనపడకూడదు సుమా! వెనుకనుంచి చూస్తే మీ నాన్నగారి కారే కనపడాలి” అన్నారు.

ఆ షరతు కేవలం మమకారంతో పెట్టినదైనా అందులో వ్యవహారజ్ఞానం కూడా ఉంది. బంపరు దాటి ఎప్పుడూ పొడుచుకొని ఉండే ఉక్కు గుండు ఇరుకు సందులలో నడిచేవారి మోకాళ్లకు శత్రువు. వెనుకనుంచి చిన్న దెబ్బ తగిలినా అది దెబ్బను బంపరుకు కాక నేరుగా కారు దేహానికి అందజేస్తుంది. లాగే పని లేకపోయినా అలంకారానికి ముందూ వెనుకా ఇనుప కడ్డీలు బిగించుకొనే మోజు మన నగరాలలో ప్రబలి, 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ అటువంటి రక్షణకడ్డీలపై చర్య తీసుకొమ్మని రాష్ట్రాలకు వ్రాయవలసివచ్చింది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. మాస్టారు అందుకే పని మొదలుపెట్టకముందే పటం పట్టుకొని రవాణా కార్యాలయానికి వెళ్లి, కాగితం చేతికి వచ్చేదాకా ఆగారు. మూడు నెలలు పట్టింది.

పార్క్ స్ట్రీట్ చివర, మల్లిక్ బజారులో, పాతకార్ల విడిభాగాలు గుట్టలుగా పోసి అమ్ముతారు. అక్కడ ఒక వృద్ధ మేస్త్రీ ఈ పని ఒప్పుకున్నాడు. మాస్టారు ఆయనను చాచా అని, ఆయన మాస్టారును మాస్టర్‌సాబ్ అని పిలుచుకొనేవారు. ఆయన చేసిన మొదటి పని కొలతలు తీయడం కాదు. కారు కిందికి దూరి, డిక్కీ అడుగును స్క్రూడ్రైవరు పిడితో అంగుళమంగుళం తట్టి విన్నాడు. గట్టి రేకు కణేలుమంటుంది. తుప్పు తిన్న రేకు మూగబోతుంది. “లారీకి వెన్నెముక విడిగా ఉంటుంది, మాస్టర్‌సాబ్. ఈ బండికి దేహమే ఎముక. చర్మం పుచ్చితే ఎముక పుచ్చినట్లే. పుచ్చినచోట బోల్టు వేస్తే ట్రైలరు మీ వెంట రాదు, మీ డిక్కీ ట్రైలరు వెంట పోతుంది.” అదృష్టవశాత్తు రేకు కణేలుమన్నది.

బంపరు పట్టీలు బిగించిన పాత రంధ్రాలలోనే అడ్డుదూలం రెండు కొసలూ బిగిశాయి. కాని ఆ రెండు చోట్లనే భారమంతా వేయడం ప్రమాదం. గతుకు తగిలినప్పుడల్లా గుండు పైకీ కిందికీ కుదిపి, బోల్టులను తిప్పి పెరకజూస్తుంది. అందువల్ల దూలంనుంచి రెండు చేతులు ముందుకు సాగి డిక్కీ నేలకు పట్టుకోవాలి. అక్కడే ఆ రెండు రంధ్రాలు. నేలకు పైన అరచేయంత మందపు పలకలు పరచి, భారం ఒక బిందువున కాక వైశాల్యమంతటా పడేటట్లు చేశాడు మేస్త్రీ. తొలిచిన అంచులకు ఎర్రరంగు పూసి, ఆరిన తరువాతనే బోల్టులు దింపాడు. మెడను మాత్రం ఊడదీయడానికి వీలుగా అమర్చాడు. బంపరు కింది గూటిలోకి దానిని తోసి, అడ్డంగా ఒక మేకు గుచ్చి, మేకు జారకుండా చీల పెడితే గట్టిపడుతుంది. పని ముగియగానే తీసి గోనెగుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టవచ్చు. గుండు వ్యాసం 50 మిల్లీమీటర్లు, ట్రైలరు గిన్నెకు సరిపోయేది. అమెరికా గుండ్లలో దీనికంటె ఏ పిసరో చిన్నవీ పెద్దవీ ఉంటాయి. చూపుకు ఒకేలా ఉన్నా సరిపోని గుండు గిన్నెలో ఇమిడినట్లే ఇమిడి దారిలో ఊడిపోగలదు.

ఇనుము పని ఇలా సవ్యంగా ముగిసింది. తంటా అంతా తీగలతో వచ్చింది.

ట్రైలరుకు కళ్లు లేవు. దాని వెనుక దీపాలు ముందున్న కారు ఉద్దేశాన్ని వెనుకవారికి చెప్పాలి. అందుకు కారునుంచి ట్రైలరుకు ఏడు తీగలు పోవాలి. మేస్త్రీ ఊరికి పోయిన వారంలో, తొందరపడి, మాస్టారు ఒక కుర్ర ఎలక్ట్రీషియనుచేత ఆ పని చేయించారు. కుర్రవాడు చురుకైనవాడు. కారు తీగలలో రంగులున్నాయి, ట్రైలరు తీగలలోనూ రంగులున్నాయి. ఎరుపును ఎరుపుకు, నలుపును నలుపుకు, పచ్చను పచ్చకు కలిపాడు. మిగిలినవి అటూ ఇటూ సర్ది, దేనితోను జతపడని తెల్లతీగకు టేపు చుట్టి వదిలివేశాడు. గంటలో పని పూర్తి.

చీకటి పడిన తరువాత పరీక్ష జరిగింది. తల్లి గేటు దగ్గర కుర్చీ వేసుకొని వెనుక దీపాలు చూసి చెప్పేటట్లు, కుమారుడు లోపల మీటలు నొక్కేటట్లు ఏర్పాటు.

“దీపాలు వేశానమ్మా!”

“బ్రేకు దీపాలు వెలిగాయిరా.”

“ఇప్పుడు బ్రేకు తొక్కాను.”

“కుడివైపు చిన్నదీపం ఒకటి మిణుకుమన్నది.”

“ఎడమకు తిరుగుతున్నాను.”

“కాదు, కుడికి తిరుగుతున్నావు.”

మాస్టారు దిగివచ్చి స్వయంగా చూశారు. తల్లి చెప్పినది అక్షరాలా నిజం. ఆ స్థితిలో జాతీయ రహదారి ఎక్కి ఉంటే, ఆయన ఆగినప్పుడు వెనుక లారీవానికి ఆగినట్లు తెలియదు. ఎడమకు మళ్లితే కుడికి మళ్లుతున్నట్లు తెలుస్తుంది. వెనుక దీపాలే లేని బండికన్నా అబద్ధం చెప్పే బండి ఎక్కువ ప్రమాదకరం.

కుర్రవాని తప్పు ఎక్కడ ఉన్నది? కారులోని తీగలు పాత బ్రిటిష్ సంప్రదాయం ప్రకారం వేసినవి. ఆ సంప్రదాయంలో ఎరుపు వెనుక చిన్నదీపాలది. నలుపు ఎర్తు. పచ్చమీద ఊదా గీత ఉంటే బ్రేకు దీపం, ఎర్ర గీత ఉంటే ఎడమ ఇండికేటరు, తెల్ల గీత ఉంటే కుడి ఇండికేటరు. ట్రైలరు ఏడు తీగలది వేరొక అంతర్జాతీయ సంకేతం. అందులో ఎరుపు బ్రేకు దీపం. నలుపు ఎడమ చిన్నదీపం, గోధుమరంగు కుడి చిన్నదీపం. పసుపు ఎడమ ఇండికేటరు, పచ్చ కుడి ఇండికేటరు. తెలుపు ఎర్తు. నీలం మంచులో వెలిగించే దీపానిది, మన ఊళ్లలో దాని అవసరం తక్కువ. కుర్రవాడు కట్టి వదిలేసిన ఆ తెల్లతీగ లేకపోతే విద్యుత్తు తిరిగిపోవడానికి గ్రీజు పూసిన ఇనుప గుండే దారి. ఆ దారి కాసేపు దొరుకుతుంది, కాసేపు దొరకదు. దీపాలన్నీ మినుకుమినుకుమనడానికి అదే కారణం.

భాషాంతరీకరణ చేసేవారికి ఈ ప్రమాదం బాగా పరిచితం. తెలియని మాట ఎవరినీ మోసగించదు, నిఘంటువు తీయిస్తుంది. మోసగించేది తెలిసినట్లు కనిపించే మాట. కోల్‌కతాకు కొత్తగా వచ్చిన తెలుగువాడు, పక్కింటి బెంగాలీ గృహిణి మధ్యాహ్నం పడుకొని ఉపన్యాసం చదువుకుంటున్నదని విని ఆశ్చర్యపోతాడు. బెంగాలీలో ఉపన్యాసమంటే నవల! పిల్లలకు మంచి శిక్ష ఇప్పించాలని తండ్రులు తాపత్రయపడుతుంటే తెలుగువాని గుండె గుభేలుమంటుంది. వారు కోరుతున్నది చదువు. మాటలు సంస్కృతం నుంచి వచ్చిన అన్నదమ్ములే, కాని వేరుకాపురాలు పెట్టి ఎవరి వ్యవహారం వారు చూసుకుంటున్నాయి. ఎరుపును ఎరుపుకు కలిపిన కుర్రవాడు అటువంటి అనువాదమే చేశాడు. నలభై ఏండ్లు ఇంగ్లీషు చెప్పిన మాస్టారు దానిని పట్టుకోలేకపోవడమే వింత.

మేస్త్రీ ఊరినుంచి తిరిగివచ్చి, అంతా విని, నవ్వలేదు. ఒక నోటుపుస్తకంలో నిలువుగా గీత గీసి, ఎడమన కారు రంగులు, కుడిన ట్రైలరు రంగులు, మధ్యన అర్థాలు ఉర్దూలో వ్రాసుకున్నాడు. ఆ పైన రంగులను అసలు నమ్మక, ఒక బల్బుకు రెండు తీగలు కట్టి ఒక్కొక్క తీగనూ ముట్టించి పరీక్షించి, వెలిగినదానిని మాత్రమే నిజమని ఒప్పుకున్నాడు. యాభై ఏండ్లలో ఎవరు ఏ తీగ మార్చారో రంగు చెప్పదు, దీపం చెబుతుందని ఆయన వాదం. తెల్లతీగను కారు దేహానికి, రంగు గీకి, మెరిసే ఇనుముకు బిగించాడు.

ఇండికేటర్ల సంగతి మరొకటి. వాటిని మిణుకుమనిపించే చిన్న డబ్బా ఇన్ని బల్బులకు ఇంత విద్యుత్తు అనే లెక్కమీద తయారైనది. కారు ముందు 21 వాట్లు, వెనుక 21 వాట్లు. ట్రైలరు దీపం మరొక 21 చేరగానే లెక్క తప్పి దాని లయ మారిపోయింది. ఎక్కువ భారం మోయగల డబ్బా వేస్తే లయ నిలకడగా ఉంటుంది. కాని అందులో ఒక దొంగతనం ఉన్నది. ట్రైలరు బల్బు మాడిపోయినా అది చెక్కుచెదరక కొట్టుకుంటూనే ఉంటుంది, నడిపేవానికి తెలియదు. అందుచేత మేస్త్రీ ట్రైలరు దీపం వెలిగితేనే వెలిగే చిన్న పచ్చబల్బు ఒకటి లోపల అమర్చాడు. దానిని డాష్‌బోర్డుకు బిగించడానికి ఇంకొక రంధ్రం కావాలి. మాస్టారు తల్లివైపు చూడసాహసించలేదు. మేస్త్రీ దానిని స్టీరింగు గొట్టానికి రబ్బరుపట్టీతో కట్టి ఊరుకున్నాడు. ఏడు రంధ్రాల సాకెట్టు నంబరు పలక వెనుక మడతబందుమీద దాగింది.

పుస్తకాలు ఎక్కించారు. 350 కిలోలు తూగాయి. ఒక ఆదివారం తెల్లవారుజామున న్యూటౌన్ విశాలమైన వీధులలో పరీక్షకు తీసుకుపోతే, గంటకు 50 కిలోమీటర్ల వేగం దాటగానే ట్రైలరు పాము మెలికలు తిరగడం మొదలుపెట్టింది. ఇటువంటి సమయంలో బ్రేకు గట్టిగా తొక్కడం, వేగం పెంచడం రెండూ ముప్పు తెచ్చేవే. కాలు మెల్లగా తీసి, స్టీరింగు నిటారుగా పట్టుకోవాలి. మాస్టారు అలాగే చేసి, చెమటలు కక్కుతూ రోడ్డుపక్క ఆపారు. నిఘంటువు సంపుటాలన్నీ తలుపు దగ్గర, వెనుక అరలో, పెట్టడమే కారణం. ట్రైలరు బరువులో నూటికి సుమారు ఏడువంతులు ముందు గుండుమీద ఆనాలి. 500 కిలోలకు 35 కిలోలన్నమాట. ఇంటికి వచ్చి బరువు చూసుకొనే యంత్రాన్ని ట్రైలరు మూతికింద పెట్టి తూచితే 9 కిలోలే ఉన్నది. సూర్యరాయాంధ్రం ఎనిమిది సంపుటాలను ఇరుసుకు ముందువైపు జరిపారు. పురాణాలు ఇరుసుమీద, నవలలు వెనుక, పిల్లల పుస్తకాలు పై అరలో సర్దారు. యంత్రం 34 చూపింది. మరునాడు అదే వీధిలో, అదే వేగంలో ట్రైలరు ఉన్నదా లేదా అని అద్దంలో చూసుకోవలసివచ్చింది.

2022 డిసెంబరులో మొదటి ప్రయాణం. చట్టం కోరినట్లు ట్రైలరు వెనుక కారు నంబరు కూడా వ్రాయించారు. విద్యాసాగర్ సేతువు దాటి, కోనా దారిన 16వ జాతీయ రహదారిమీదికి ఎక్కారు. కోలాఘాట్ దగ్గర రూపనారాయణ్ నదిని దాటుతుంటే తల్లి ముందు సీటులోనుంచి, “ఈ రోడ్డు ఇలాగే పోతే ఎక్కడికి పోతుందిరా?” అని అడిగారు. శ్రీకాకుళం మీదుగా విశాఖపట్నం, అక్కడినుంచి మద్రాసు అని మాస్టారు చెప్పారు. ఆమె మరి మాట్లాడలేదు, ఖరగ్‌పూర్ వచ్చేదాకా పచ్చబల్బునే చూస్తూ కూర్చున్నారు.

చెట్టుకింద ట్రైలరు తలుపు తెరిచేసరికి పదకొండుమంది పిల్లలు చేరారు. వారిలో పెద్దవాడు పుస్తకాల జోలికి పోకుండా ముందు ఆ గుండునూ గిన్నెనూ, ఏడు తీగలనూ పరిశీలించి, ఏ తీగ ఏ దీపానిదని అడిగి, మాస్టారి చేత రెండుమార్లు ఇండికేటరు వేయించుకొని, ఆ తరువాత పాత విజ్ఞాన సర్వస్వం సంపుటం ఒకటి చంకన పెట్టుకొనిపోయాడు. సాయంకాలానికి 43 పుస్తకాలు పోయాయి. తిరుగుప్రయాణంలో బరువు మారినందున నిఘంటువును మళ్లీ సర్దవలసివచ్చింది.

రాత్రి ఇల్లు చేరి ట్రైలరును గోడవారకు తోసిన తరువాత, మాస్టారు చీల లాగి, మేకు తీసి, మెడను గోనెగుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టారు. నంబరు పలకను మూసివేశారు. తల్లి కర్ర ఊతగా కారు వెనుకకు వెళ్లి, వంగి, వీధిదీపం వెలుతురులో బంపరు ఈ కొసనుంచి ఆ కొసదాకా చూశారు. ఆ పైన ముందుకు నడిచివచ్చి, “రేడియో కడ్డీ పక్కకు ఒరిగింది. సరిచేసి లోపలికి రా” అన్నారు.